పాతిక డాలర్ల కార్డు

అమెరికాలోని బార్న్స్ అండ్ నోబుల్ పుస్తకాల షాపులో సభ్యత్వానికి ఒకప్పుడు ఏడాదికి 25 డాలర్లు. గట్టి అట్టతో వచ్చే బెస్ట్ సెల్లర్ల మీద 40 శాతం, అదే రకం ఇతర పుస్తకాల మీద 20, తక్కినవాటి మీద 10 శాతం తగ్గించేవారు. న్యూజెర్సీలో మా అమ్మాయి స్కూలుకెళ్లే రోజుల్లో నేనూ ఏటా కట్టేదాన్ని. గట్టి అట్టతో పాతిక డాలర్ల బెస్ట్ సెల్లర్లు మూడు కొంటే కార్డు డబ్బు వచ్చేసినట్టే.

2009 చివర్లో అదే షాపు నూక్ అనే ఈబుక్ రీడర్ తెచ్చింది, ధర 259 డాలర్లు. అందులో చదివే ఈబుక్కులకు మాత్రం కార్డు తగ్గింపు లేదు. చందా కట్టినవాళ్లకు ఇది అన్యాయంగా తోచింది. నాకూ తోచింది. షాపు పిసినారితనం అనుకున్నవాళ్లే ఎక్కువ. 2010 నుంచి మాత్రం అసలు కథ వేరు.

కాగితం పుస్తకాన్ని షాపు ముద్రిత ధరలో సుమారు సగానికి కొంటుంది. ఆ తర్వాత ఎంతకమ్మినా దాని ఇష్టం. సభ్యులకిచ్చే తగ్గింపంతా ఆ మిగులులోంచి వచ్చేదే. ఈబుక్కుల వ్యాపారమూ మొదట్లో ఇలాగే నడిచింది. 2007లో తన ఈబుక్ రీడర్ కిండిల్‌తో వచ్చిన అమెజాన్, కొన్నిటి మీద నష్టపడి మరీ, బెస్ట్ సెల్లర్లను 9.99 డాలర్లకు అమ్మింది. పాఠకుల మనసులో పుస్తకం విలువ అంతేనని నాటుకుపోతుందని ప్రచురణకర్తలు బెంగపడ్డారు. ఆ బెంగ అర్థం లేనిదని నేననను. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ వచ్చేసరికి ఐదు పెద్ద ప్రచురణ సంస్థలు ఆపిల్‌తో కొత్త ఒప్పందానికొచ్చాయి. ధర ప్రచురణకర్తే నిర్ణయిస్తాడు, షాపుకు 30 శాతం కమీషన్. పేరున్న కొత్త పుస్తకాలు 12.99కో 14.99కో ఎక్కాయి. ఇదే పద్ధతి మిగతా షాపులకూ వచ్చింది. తనది కాని ధరను షాపు ఎలా తగ్గిస్తుంది? ఈ ఒప్పందం మీద 2012లో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది, 2013లో జడ్జి డెనీస్ కోట్ ఆపిల్‌ది కుట్రేనని తేల్చారు. కొంతకాలం తగ్గింపులు తిరిగొచ్చాయి. 2014 నుంచి మళ్లీ ధర నిర్ణయం ప్రచురణకర్తల చేతికే వెళ్లింది.

ఈబుక్ పాఠకులకు ఆ షాపు ఇచ్చిన మంచి సదుపాయం ఒకటుంది. నూక్ పట్టుకుని షాపుకెళితే ఈబుక్కులను కొనకుండానే రోజుకో గంట చదువుకోనిచ్చేవారు. కొన్న పుస్తకాల్లో కొన్నిటిని స్నేహితులకు 14 రోజులపాటు అరువివ్వనిచ్చేవారు, ఒక్కోదాన్ని ఒక్కసారే. ఇవి నూక్‌తో వచ్చిన హక్కులు, కార్డుతో కాదు. షాపు కాఫీ బల్ల దగ్గర అలా చదివిన మధ్యాహ్నాలు నాకెంతో ఇష్టం. ఆ సదుపాయాన్ని పెంచి ఉంటే ఈబుక్ పాఠకులు కూడా షాపుకు అలవాటు పడేవారని ఇప్పటికీ నమ్ముతాను.

2023లో చందా 39.99 డాలర్లయింది. బొమ్మల పుస్తకాలు కొనే పిల్లలున్న ఇంటికి కట్టమనే చెబుతాను. తెర మీద మాత్రమే చదివేవాళ్లు ముందు తమ ఊరి పబ్లిక్ లైబ్రరీలో కార్డు తీసుకోవాలి. అది ఉచితం, లిబీ యాప్‌లో దానితోనే ఈబుక్కులు అరువుకు దొరుకుతాయి.