బాకీ ఎవరిది? పరిహారం ఎవరికి?

1976వ సంవత్సరంలో మన పార్లమెంటు చేసిన కట్టుబానిస విధాన నిర్మూలన చట్టంలో ఒక వివరణ ఉన్నది. అప్పు పేరుతో మనిషిని కట్టివేసే పద్ధతి దేశంలో ఏయే పేర్లతో చెల్లుబాటవుతున్నదో అందులో వరుసగా చెప్పినారు. సుమారు ముప్పది పేర్లు గల ఆ జాబితాలో భగేలా ఉన్నది, జీతా ఉన్నది, పాలేరు ఉన్నది, చిట్టచివర వెట్టి ఉన్నది. ఈ నాలుగు మాటలూ మన తెలుగు ప్రాంతాలకు పరిచితమైనవే. చట్టసభ పదకోశంలోకి మన పలుకులు ఇన్ని ఎక్కినందుకు గర్వించవలసిన సందర్భం మాత్రం కాదు.

నిజామాబాదు అని నేడు మనము పిలుచు ఇందూరు ప్రాంతంలో భగేలా అనగా ఏమిటో పెద్దలకు విడమరచి చెప్ప నక్కరలేదు. చిన్నవారి కోసం చెప్పుచున్నాను. పెండ్లికో, చావు ఖర్చుకో, తిండిగింజలకో ఒక మాల లేక మాదిగ కుటుంబపు యజమాని దొరవద్దనో పటేలువద్దనో అప్పు తీసుకొనును. ఆ అప్పు తీరునంతవరకు ఆ ఇంటి పొలంలో, పశువుల కొట్టంలో పని చేయుటకు ఒప్పుకొనును. కూలి ధాన్యరూపంలో ముట్టును. అది కడుపునకే చాలదు కనుక మరల అప్పు. వడ్డీ అసలులో కలియును. తండ్రి పోయినచో కొడుకు ఆ స్థానంలో నిలుచును. వెట్టి దీనికి తోబుట్టువు వంటిది. గ్రామంలోని వృత్తులవారు అధికారులకు, దొరలకు కూలి లేకుండ చేయవలసిన చాకిరి అది. వెట్టికి అప్పుతో పని లేదు, పుట్టుకే చాలును.

ఆ మధ్య ఒక కార్యక్రమం నిమిత్తం బోధనుకు సమీపాన ఒక పల్లెకు వెళ్లినపుడు, తొంబదికి చేరువైన ఒక వృద్ధునితో మాట్లాడు అవకాశం కలిగినది. ఆయన తండ్రి భగేలా. తన పెండ్లికే తీసుకొన్న అప్పు కట్టుటకు ఆయన తండ్రి ఇరువది ఏండ్లకు పైగా ఒకే ఇంట పని చేసినాడట. అప్పు ఎంత, తీరినది ఎంత అన్నది ఆ కుటుంబానికి ఎన్నడును తెలియలేదు; చిట్టా పుస్తకం పటేలు ఇంట ఉండెడిది, వీరికి చదువు లేదు. దేశాలు పూర్వపు అన్యాయాలకు పరిహారం చెల్లించవలెనా అన్న చర్చ ప్రపంచంలో సాగుచున్నదని నేను చెప్పగా, ఆయన ఒక్కటే అడిగినాడు: ఆ చిట్టా ఇప్పుడు ఎక్కడ దొరుకును అని. ఈ ప్రసంగం వ్రాయుటకు కారణం ఆ ప్రశ్నయే.

మంజీర నదిపై అచ్చంపేట వద్ద నిజాంసాగరు నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసినది. నవాబ్ అలీ నవాజ్ జంగు వంటి ఇంజనీరు ప్రతిభ అందులో కనుపించును. దానిని తక్కువ చేయుట నా ఉద్దేశం కాదు. రెండు లక్షల డెబ్బది అయిదు వేల ఎకరాలకు నీరందించ వలెనని అంచనా. కాలువ వచ్చినంతనే కోస్తా జిల్లాల నుండి రైతులు తరలివచ్చి భూములు కొని 'క్యాంపు'లు వెలయించినారు. వర్ని, కోటగిరి వైపు ఆ పేర్లు ఈనాటికీ వినబడుచున్నవి. వరి వెంట చెరకు వచ్చినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసి, దానిచుట్టు శక్కర్‌నగర్ అనే ఊరే ఏర్పడినది. ఆ సంవత్సరమే నిజామాబాదులో మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన ఆరవ ఆంధ్రమహాసభ జరిగినది. వెట్టిచాకిరి తొలినుండి ఆ సభ పట్టించుకొన్న విషయాలలో ఒకటి.

నీరు వచ్చినది, యంత్రం వచ్చినది. భగేలా మాత్రం పోలేదు. పోలేదని ఎట్లు తెలియును? 1936లో, అనగా ఆనకట్ట పూర్తియైన అయిదు సంవత్సరాలకు, హైదరాబాదు ప్రభుత్వం భగేలా ఒడంబడికల నిబంధనం అని ఒక శాసనం చేయవలసి వచ్చినది. ఆ పేరును గమనించవలసినదిగా మనవి. ఆకలిగొన్నవాడు వేలిముద్ర వేసిన కాగితాన్ని ఆ శాసనం ఒడంబడిక అన్నది. ఇద్దరు సమానులు చేసుకొన్న బేరమును సరిదిద్దినట్లే దానిని సరిదిద్దజూచినది.

చెరకు చరిత్ర అంతటా ఈ ఒడంబడిక అన్న మాట వెంటాడుచునే యున్నది. వెస్టిండీస్ దీవులలోను, మారిషస్‌లోను చక్కెర తోటలు ఆఫ్రికా బానిసల రెక్కలమీద పెరిగినవి. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసినది. దాదాపు ఎనిమిది లక్షల మంది విముక్తులగుటకు మార్గ మేర్పడినది. ఆ చట్టమే పరిహారం కూడ మంజూరు చేసినది: రెండు కోట్ల పౌన్లు. ఆనాటి బ్రిటిషు ప్రభుత్వపు ఏటి వ్యయంలో అది ఇంచుమించు నూటికి నలుబది పాలు. అంత పైకం ఎవరికి ముట్టినది? యజమానులకు. 'ఆస్తి' పోగొట్టుకొన్నారు కదా! బానిసలుగా ఉన్నవారికి ఒక్క పెన్నీ రాలేదు సరికదా, మరికొన్ని ఏండ్లు 'శిష్యరికం' పేరిట పాత యజమానులవద్దనే పని చేయవలసి వచ్చినది. ఆ పైకం కోసం ప్రభుత్వం చేసిన అప్పు మార్పులు చెందుచు వచ్చి, చివరి పత్రాలు తీరినది 2015లో. అనగా బానిసల మనుమల మనుమలు బ్రిటనులో పన్ను కట్టుచు, తమ పూర్వుల యజమానులకిచ్చిన పరిహారపు బాకీని తాము తీర్చినారు. ఇంతకంటె వింత అయిన పద్దు ప్రపంచపు జమాఖర్చులలో ఉండునా అని నా సందేహం.

మరియొక సంగతి. ఆ 1833 చట్టం కుంఫిణీ పాలనలోని హిందూదేశానికి వర్తించలేదు. ఇక్కడ బానిసత్వాన్ని కోర్టులు గుర్తించరాదని చేసిన శాసనం 1843లో వచ్చినది. అప్పటికే మారిషస్ తోటలకు మన దేశం నుండి కూలీలు ఓడలెక్కుచుండిరి. 1834లో మొదలైన ఆ ప్రవాహంలో మొత్తం నాలుగున్నర లక్షల మంది ఆ ద్వీపం చేరినారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుండి, విశాఖపట్టణం నుండి వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. 1860 నుండి నాటాలుకు, 1903 తరువాత మదరాసు మీదుగా ఫిజీకి కూడ మనవారు వెళ్లినారు. అక్కడకూడ చెరకే. అక్కడకూడ ఒడంబడికయే, అయిదేండ్ల కాగితం, వేలిముద్ర. యజమానులకు ముట్టిన పరిహారంలో మారిషస్ తోటల వాటా సుమారు ఇరువది లక్షల పౌన్లు. ఒక చేత ప్రభుత్వం నుండి ధనం, మరియొక చేత మన పల్లెల నుండి చవుక కూలి: తోటల వారికి విముక్తి నష్టదాయకం కాలేదు.

ఇప్పుడు మరల మన ఇందూరునకు వత్తము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో చేరినది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనం వెలువడినది. సంస్థానపు భూమిలో మూడవ వంతు వరకు జాగీర్ల క్రింద ఉండెడిది; దానిని రద్దు చేయుట మహత్కార్యమే. కాని 1950 జనవరిలో వెలువడిన మరియొక శాసనం జాగీరుదారులకు ఏమి చెల్లించవలెనో నిర్ణయించినది. నిజాము ప్రభువుకు సర్ఫెఖాస్ భూముల ఆదాయం పోయినందుకు ఏటా ఇరువది అయిదు లక్షల రూపాయలు, రాజభరణంగా ఏబది లక్షలు ఏర్పాటైనవి. 1950లోనే వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారునికి హక్కు లిచ్చినది. కౌలు చేసినట్లు అతని పేరు రికార్డులో ఉన్నది కనుక. భగేలా పేరు ఏ పహాణీలోను లేదు. అతని పేరు ఉన్నది పటేలు చిట్టాలో, అప్పు కాలములో.

లండనులో జరిగినది, హైదరాబాదులో జరిగినది ఒకటే నని నే ననను. ఒకటి సముద్రాంతర వ్యాపారపు బానిసత్వం, మరియొకటి గ్రామంలోని అప్పు, కులం కలిసిన బంధం. కాని రెండు చోట్లను పరిహారం పత్రాలు చేతనున్న వారిని వెదకికొని పోయినది. బ్రిటిషు యజమానులు పెట్టుకొన్న దరఖాస్తుల దస్తరాలు ఈనాటికి భద్రముగా ఉన్నవి. ఎవరికి ఎంత ముట్టినదో ఎవరైనను చూడవచ్చును.

పూర్వపు అన్యాయాలకు దేశాలు మూల్యం చెల్లించిన దాఖలాలు లేకపోలేదు. పశ్చిమ జర్మనీ 1952లో లక్సెంబర్గు ఒప్పందం ప్రకారం ఇజ్రాయేలుకు మూడు వందల కోట్ల మార్కు లిచ్చుట కంగీకరించినది. రెండవ ప్రపంచయుద్ధంలో నిర్బంధించిన జపానుజాతి పౌరులలో బ్రతికియున్న వారికి తలకు ఇరువది వేల డాలర్లు చొప్పున ఇచ్చుటకు అమెరికా 1988లో చట్టం చేసినది. కెన్యాలో మౌమౌ తిరుగుబాటు కాలంలో హింసల పాలైన 5,228 మందికి బ్రిటిషు ప్రభుత్వం 2013లో ఒక కోటి తొంబది తొమ్మిది లక్షల పౌన్లు ఇచ్చినది. 1833 నాటి రెండు కోట్లతో ఈ అంకె దాదాపు కలియుట కాకతాళీయమే; అప్పటి పౌను విలువ, ఇప్పటి పౌను విలువ వేరు. నమీబియాలో హెరెరో, నామా జాతుల సంహారానికి జర్మనీ 2021లో ముప్పది ఏండ్లలో నూట పది కోట్ల యూరోలు ఇచ్చెదనన్నది గాని, పరిహారం అను మాట వాడుటకు ఒప్పలేదు. కరేబియను దేశాలు 2014లో పది అంశాల కోరిక ప్రకటించినవి. ఇందుకు పూర్తిగా తలక్రిందుల కథ హైతీది. స్వాతంత్ర్యం గెలుచుకొన్న మాజీ బానిసలు, ఫ్రెంచి యుద్ధనౌకలు రేవులో నిలువగా, 1825లో తమ పాత యజమానులకు పదిహేను కోట్ల ఫ్రాంకు లిచ్చెదమని వ్రాసియిచ్చినారు. పిదప అది తొమ్మిది కోట్లకు తగ్గినను, దానికై చేసిన అప్పుల బరువు ఇరువదవ శతాబ్దం వరకు ఆ దేశాన్ని క్రుంగదీసినది.

ఎదుటివారి వాదం కూడ వినవలెను. తాతలు చేసిన దానికి మనుమ లెట్లు బాధ్యులు అందురు. నాకీ వాదం బలహీనముగా తోచును. తాతల అప్పు పత్రాలను 2015 దాకా గౌరవించిన ప్రభుత్వం, తాతల తప్పుకు మాత్రం కాలం చెల్లినదనుట పొసగదు. ప్రభుత్వం వ్యక్తి వలె చనిపోదు. రెండవ వాదం గట్టిది: ఎవరికి చెల్లించవలెను? ఇది మన గడపలోనే చిక్కుముడి అగును. బీరారు ప్రాంతాన్ని ఇంగ్లీషువారు 1853లో సైన్యపు బాకీ క్రింద నిజాము నుండి గైకొని, 1902లో ఏటికి ఇరువది అయిదు లక్షల కౌలుకు శాశ్వతముగా ఉంచుకొనినారు. ఇది అన్యాయమని ఇంగ్లండుపై దావా వేసినామనుకొందము. హక్కుదారు ఎవరు? నిజాము వారసులా? బీరారు రైతులా? లేక ఆ సైన్యపు ఖర్చులన్నింటికి శిస్తు రూపంలో చెమటోడ్చిన బోధను, ఆర్మూరు పల్లెలవారా? పల్లెలవారిలోనైనను పటేలా, భగేలాయా? ఢిల్లీకి పైకం వచ్చి చేరినంత మాత్రాన అది భగేలా మనుమని గుడిసె చేరునని నమ్ముటకు మన అనుభవం చాలదు.

కనుక దేశానికి దేశం చెల్లించుట న్యాయమే నని నేను నమ్ముచు, లోపలి లెక్క తేల్చకుండ బయటి లెక్క అడుగుట మనకు శోభించదని కూడ నమ్ముచున్నాను. లోపలి లెక్క కొంత మొదలైనది. 1976 చట్టం కట్టుబానిసల అప్పును రద్దు చేసినది. దానిని మరల వసూలు చేయుట నేరమన్నది. తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి ఇప్పించవలెనన్నది. ఉన్న గుడిసె నుండి వెళ్లగొట్టరాదన్నది. ఋణదాతకు పరిహారం ఇవ్వలేదు. 1833 నుండి చూచుకొని వచ్చిన పరంపరలో ఇది పెద్ద మార్పని నా అభిప్రాయం. ఇది తగినంత ప్రశంస పొందలేదు. 1978లో విడుదలైన ఒక్కొక్కరికి నాలుగు వేల రూపాయల సహాయం ఏర్పాటైనది. 2016 నాటికి అది పెద్దవానికి లక్ష, స్త్రీలకు, బాలలకు రెండు లక్షలు, మరీ దారుణమైన సందర్భాలలో మూడు లక్షలు అయినది. దానికి పునరావాసం అని పేరు. బాకీ తీర్చుట అని కాదు, సాయపడుట అని భావం. పైగా అది విడుదల పత్రం చేతికొచ్చిన వారికే. 1976కు ముందే చనిపోయిన వారి సంగతి, వారి సంతానపు సంగతి ఆ పథకంలో లేదు.

మారిషస్ దేశం మరియొక మార్గం పట్టినది. 2009లో సత్య న్యాయ సంఘమని ఒకటి నెలకొల్పి, 1638 నుండి జరిగిన బానిసత్వం, కూలీ ఒడంబడికలు, వాటి పర్యవసానాలు అన్నియు విచారింపజేసినది. ఆ సంఘం 2011లో నివేదిక ఇచ్చినది. భూములు కోల్పోయిన కుటుంబాల ఫిర్యాదులు కూడ అందులో చేరినవి. కోరంగి నుండి పోయిన మనవారి సంతతికి, ఆఫ్రికా బానిసల సంతతికి ఒకే విచారణలో చోటు దొరకినది. ఎంత ధనం ఇచ్చినారన్నది పిదపటి మాట. ముందు వాంగ్మూలం తీసుకొన్నారు, చిట్టాలు వెలికి తీసినారు.

బ్రిటను తన చివరి పత్రాన్ని తీర్చిన 2015లోనే, డిసెంబరు నెలలో, బోధను కర్మాగారం మూతపడినది. 2002లో దాని సగానికి మించిన వాటా ప్రైవేటు చేతికి పోయినది. నేను కలసిన వృద్ధుని కొడుకు అక్కడ గానుగ కాలంలో పని చేసినవాడే. తనకు రావలసిన జీతపు లెక్క అతడు ఒక చిన్న నోటుబుక్కులో తేదీలతో సహా వ్రాసి ఉంచుకొన్నాడు. మేము లేచి వచ్చునపుడు, వృద్ధుడు అడగగా, దానిని పెట్టెలో నుండి తీసి నాకు చూపినాడు.