చిన్న గిటార్ యాంప్లిఫయర్: మల్యాల పరిసరాల్లో ఎంపిక

చిన్న గిటార్ యాంప్లిఫయర్ అంటే స్పీకరు లోపలే ఉండి, ఒక మనిషి ఒక చేత్తో మోసుకెళ్లగలిగే పెట్టె. వాయించేవాళ్లు దీన్ని 'యాంప్' అంటారు. ఒకటి రెండు కిలోల బుల్లి పెట్టెల నుంచి పన్నెండు కిలోల దాకా, ఒక వాటు నుంచి యాభై వాట్ల దాకా ఇవి దొరుకుతాయి. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోనూ, దగ్గరలోని కొడిమ్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపూ యాంప్ కొనేవాళ్లకు నగరపు స్టూడియోల లెక్కలు సరిపోవు. ప్రోగ్రాంకు బైకు మీదో బస్సులోనో వెళ్లాలి. కరెంటు టెంటు వాళ్లు లాగిన వైరు నుంచి వస్తుంది. పక్కన డోలకో డప్పో మోగుతుంటుంది. జనానికి వినిపించే పని మైక్‌సెట్ వాళ్లది. వాయించేవాడికి తన తీగ స్పష్టంగా వినిపించి, మైక్‌సెట్‌కు శుభ్రమైన సిగ్నల్ పంపే యాంపే ఇక్కడ మంచి యాంప్. వాట్ల అంకె ఆ తర్వాతి సంగతి.

గిటార్ మోగే చోట్లు

మల్యాల మండలంలోని ముత్యంపేట దగ్గర కొండగట్టు ఆంజనేయస్వామి గుడి ఉంది. చైత్ర పౌర్ణమి నాటి చిన్న హనుమాన్ జయంతికీ, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికీ దీక్షాపరులు మాల విరమణకు తరలివస్తారు. అక్కడి భజన మండళ్ల సంప్రదాయ వాద్యాలు హార్మోనియం, డోలక్, తాళాలే. గిటార్ మాత్రం ఎక్కువగా వినిపించేది చర్చి ఆరాధనలో, కాలేజీ వేడుకల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, యూట్యూబ్ కోసం తీసే జానపద పాటల రికార్డింగుల్లో. కొండగట్టుకు దగ్గరగా కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇలాంటి కాలేజీల హాస్టల్ గదుల్లోనే చాలామంది చేతికి మొదటి యాంప్ వస్తుంది.

గిటార్ మోగే ఈ నాలుగు చోట్ల అవసరాలు ఒకటి కావు. చర్చిలో గిటార్ పాటకు ఆసరాగా ఉండాలి, పాటను మింగకూడదు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు, ప్యాడ్ల మధ్య నిలబడాలి. రికార్డింగ్‌లో యాంప్ నుంచి గుయ్యిమనే చప్పుడు రాకూడదు. ఊరేగింపుల్లో, డీజే బాక్సుల పక్కన చిన్న యాంప్‌కు పనే లేదు. అక్కడికి దాన్ని తీసుకెళ్లి ఫుల్ వాల్యూమ్ పెడితే స్పీకరు పాడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

చిన్న పెట్టె చరిత్ర

ఎలక్ట్రిక్ గిటార్ 1930ల ఆరంభంలో అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. ఫెండర్ కంపెనీ 1948లో తెచ్చిన ఛాంప్ సుమారు ఐదు వాట్ల వాల్వు యాంప్. నేర్చుకునేవాళ్ల కోసం చేసినదే అయినా స్టూడియోల్లోకీ పాకింది. బ్యాటరీతో నడిచే యాంప్‌లకు పేరు తెచ్చింది 1973 నాటి పిగ్‌నోస్: ఆరు పెన్‌సైజు సెల్లు, ఐదంగుళాల స్పీకరు, ఐదు వాట్లు. రోలాండ్ 1975లో తెచ్చిన జాజ్ కోరస్ 120 వేదికల మీద శుభ్రమైన ధ్వనికి గీటురాయిగా నిలిచింది కానీ దాని బరువు 28 కిలోలు. బైకు మీద వెళ్లేవాళ్లకు పనికొచ్చింది అదే కంపెనీ తర్వాత తెచ్చిన మైక్రో క్యూబ్. దాని ఇప్పటి రూపం మూడు వాట్లు, మూడు కిలోల లోపు. బాస్ (Boss) కంపెనీ కటానా మినీ ఏడు వాట్లు, కిలోంబావు. మన దేశపు స్ట్రేంజర్ కంపెనీ అమ్మే క్యూబ్ పెట్టెలు కాలేజీ బ్యాండ్ల దగ్గర తరచు కనిపిస్తాయి.

వాట్ల లెక్క

షాపులో అందరూ మొదట అడిగేది ఎన్ని వాట్లు అనే. చప్పుడు ఎంత వస్తుందో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. పక్కపక్కన పెట్టి వింటే 15 వాట్లకూ 30 వాట్లకూ తేడా చెవికి కొద్దిగానే తెలుస్తుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి.

అసలు తేడా చూపేది స్పీకరు సామర్థ్యం. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తాయో కొలిచేదే ఈ లెక్క. 97 డెసిబెళ్ల స్పీకరుకు 5 వాట్లు ఇస్తే మీటరు దూరంలో 104 వస్తుంది. 90 డెసిబెళ్ల స్పీకరు అదే 104కు చేరాలంటే 25 వాట్లు కావాలి. చిన్న స్పీకర్లు సాధారణంగా ఈ రెండో కోవలో ఉంటాయి. పెట్టె మీద 25 అని రాసి ఉన్నా అది మంచి పన్నెండంగుళాల స్పీకరున్న 5 వాట్ల యాంప్‌ను దాటకపోవచ్చు.

ఆరుబయట దూరం రెట్టింపైన కొద్దీ 6 డెసిబెళ్లు తగ్గుతుంది. మీటరు దగ్గర 104 ఉన్నది నాలుగు మీటర్లకు 92, ఎనిమిదికి 86, పదహారుకు 80. నలుగురు మాట్లాడుకుంటూ, పిల్లలు పరిగెడుతున్న టెంటులో పదహారు మీటర్ల అవతల కూర్చున్నవాళ్లకు గిటార్ ఉందన్న సంగతి తెలుస్తుందేమో గాని, ఏం వాయిస్తున్నారో అందదు. పది వాట్లు ఎక్కువ కొని ఈ దూరాన్ని జయించలేం. అది మైక్‌సెట్ బాక్సుల పని.

ఇంట్లో, స్లాబు గదిలో సాధనకు మూడు నుంచి ఐదు వాట్లు ఎక్కువే. డోలక్, హార్మోనియం, ఇద్దరు ముగ్గురు పాడేవాళ్లతో రిహార్సల్‌కు ఎనిమిదంగుళాల స్పీకరు, పదిహేను నుంచి ముప్ఫై వాట్లు చాలు. పూర్తి డ్రమ్‌సెట్ పక్కన వాయించాలంటే మాత్రం పన్నెండంగుళాల స్పీకరు, యాభై వాట్ల దగ్గరకు వెళ్లాలి. బాస్ కంపెనీ కటానా 50 ఈ కోవలోది. దాని బరువు పదకొండు కిలోల పైమాటే, అయితే పవర్‌ను అర వాటు దాకా తగ్గించే స్విచ్ ఉంది కాబట్టి రాత్రిపూట ఇంట్లోనూ వాడుకోవచ్చు. ఒక్క యాంప్‌తోనే అన్నీ నడవాలనుకునేవాళ్లు ఈ స్విచ్ ఉందో లేదో తప్పక చూడాలి.

యాంప్ పెట్టే చోటు చేసే తేడాను డబ్బుతో కొనలేం. చిన్న యాంప్‌ను నేల మీద పెడితే ధ్వని వాయించేవాడి పిక్కలకు తగిలి పోతుంది. తనకు వినిపించదు కాబట్టి వాల్యూమ్ పెంచుతాడు, ఎదురుగా ముందు వరుసలో కూర్చున్నవాళ్ల చెవులు పోతాయి. అదే పెట్టెను ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, వెనక్కి కాస్త వాల్చి, స్పీకరు మొహం తన చెవి వైపు తిప్పుకుంటే సగం వాల్యూమ్‌లోనే పని జరుగుతుంది.

ఏ గిటార్‌కు ఏ పెట్టె

ఎలక్ట్రిక్ గిటార్ యాంప్ ధ్వనిని ఉన్నదున్నట్టు వినిపించదు. దాని స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక చాలామటుకు చేతులెత్తేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు కావలసిన గుణమే అది. అకౌస్టిక్ గిటార్‌నూ గొంతునూ అదే పెట్టెలో పెడితే మాత్రం దుప్పటి కప్పినట్టు మూగగా వస్తాయి. చర్చిలో, భజనలో వాయించేవాళ్లలో ఎక్కువమందిది పికప్ ఉన్న అకౌస్టిక్ గిటారే. వాళ్లు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) ఉన్న అకౌస్టిక్ యాంప్ చూసుకోవాలి. వాయిస్తూ పాడేవాళ్లకు మైకుకు, గిటార్‌కు వేరువేరు వాల్యూమ్‌లున్న రెండు ఛానెళ్లు కావాలి. రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ ఈ పనికి చేసిందే: రెండు ఎనిమిదంగుళాల స్పీకర్లు, యాభై వాట్లు, ఎనిమిది పెన్‌సైజు సెల్లు, ఏడున్నర కిలోల లోపు బరువు.

అకౌస్టిక్ గిటార్‌కు పెద్ద బెడద కూత. స్పీకరు ధ్వని గిటార్ డొల్లను కదిలిస్తుంది, ఆ కదలిక పికప్ ద్వారా మళ్లీ స్పీకరుకే చేరుతుంది, సుమారు వంద హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే 'హూ' అనే మోత క్షణంలో పెరిగిపోతుంది. యాంప్ ఎదుట కాకుండా పక్కన నిలబడడం, బాస్ తగ్గించడం, ధ్వని తరంగాన్ని తిరగేసే ఫేజ్ బటన్ నొక్కి చూడడం, గిటార్ రంధ్రానికి రబ్బరు మూత పెట్టడం దీనికి మందులు. నాచ్ నాబ్ ఉన్న యాంప్ అయితే కూత వేసే ఆ ఒక్క స్వరాన్నే కోసేయవచ్చు.

బాస్ గిటార్‌ను ఈ చిన్న పెట్టెలకు తగిలించకూడదు. మామూలు గిటార్ అతి మంద్రపు తీగ 82 హెర్ట్జ్ అయితే బాస్ గిటార్‌ది 41. ఐదారంగుళాల స్పీకరు ఆ కదలికను తట్టుకోలేదు.

కరెంటు, బ్యాటరీ, గల్ఫ్ నుంచి వచ్చిన యాంప్‌లు

సిరిసిల్ల వైపు కరెంటు 1970లో ఏర్పడిన సహకార సంఘం 'సెస్' ఇస్తుంది, జగిత్యాల వైపు ఉత్తర డిస్కం ఇస్తుంది. రెండు చోట్లా ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఈ అంకె ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తిరిగొస్తూ తెచ్చిన యాంప్‌లు ఇళ్లలో ఉంటాయి. దుబాయ్ వోల్టేజీ మన వోల్టేజీకి దగ్గరిదే కాబట్టి పిన్ను మారిస్తే సరిపోతుంది. సౌదీలో చాలాకాలం ఇళ్లకు 127 వోల్టులు వచ్చేవి. అమెరికాలో 120. ఆ రెండు దేశాల్లో కొన్న యాంప్‌ను వెనక రాసిన వోల్టేజీ చదవకుండా మన ప్లగ్గులో పెడితే ఫ్యూజు, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతాయి.

అడాప్టర్ల సంగతి మరీ చిన్నది, మరీ ఖరీదైనది. గిటార్ పరికరాల 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి పిన్ను లోపలి వైపు మైనస్ ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు, రౌటరు అడాప్టర్లకు లోపలి వైపు ప్లస్. పిన్ను సరిగ్గా పడుతుంది, యాంప్ పోతుంది. అడాప్టర్ మీద గీసిన చిన్న వృత్తం బొమ్మను యాంప్ వెనక ఉన్న బొమ్మతో పోల్చుకున్నాకే తగిలించాలి.

బ్యాటరీ యాంప్ ఇక్కడ విలాసం కాదు. కరెంటు పోయినా పాట ఆగదు, పైగా జనరేటరు నుంచీ, చౌక ఇన్వర్టరు నుంచీ వచ్చే గుయ్యిమనే శబ్దం ఉండదు. ఛార్జింగ్ పెన్‌సైజు సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టులే, ఆరు కలిపితే 7.2, మామూలు సెల్లతో అయితే 9. ఛార్జింగ్ సెల్లు పనికొస్తాయని యాంప్ పుస్తకంలో ఉందో లేదో చూసుకోవాలి. లిథియం బ్యాటరీ లోపలే ఉన్న యాంప్‌లను ఎండాకాలం మూసిన కారులో వదలకూడదు. బయట 45 డిగ్రీలు దాటే ఊళ్లివి. కారు లోపల అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది.

మైక్‌సెట్‌తో కలపడం

చిన్న యాంప్‌తో పెద్ద ప్రోగ్రాం చేయాలంటే దారి ఇదే. మైక్‌సెట్ షాపుల్లో ఎక్కువగా కనిపించేది 1940లో మొదలైన అహూజా కంపెనీ సామాను. దాని మిక్సర్‌కు యాంప్ నుంచి లైన్ ఔట్ ఇస్తే వేదిక మీద యాంప్, జనానికి బాక్సులు, ఎవరి పని వాళ్లు చేస్తారు. కొనేముందు షాపులోనే ఒక పరీక్ష చేయాలి. లైన్ ఔట్‌లో లేదా హెడ్‌ఫోన్ రంధ్రంలో జాక్ పెట్టగానే యాంప్ స్పీకరు మూగబోతోందా? చాలా చిన్న యాంప్‌లలో అదే జరుగుతుంది. అప్పుడు బాక్సుల్లో గిటార్ మోగుతుంది గాని వాయించేవాడికి తన గిటార్ వినిపించదు, శ్రుతి చూసుకోవడానికి కూడా వీలుండదు. స్పీకరు ఆగకుండా సిగ్నల్ ఇచ్చే యాంప్ ధర కొంచెం ఎక్కువైనా అదే కొనాలి.

అలాంటి యాంప్ లేకపోతే స్పీకరు ముందు మైకు పెట్టడమే మార్గం. పెట్టె ముందున్న గుడ్డకు రెండు వేళ్ల దూరంలో, స్పీకరు నడిబొడ్డున కాకుండా అంచు వైపు కాస్త జరిపి పెట్టాలి. నడిబొడ్డున పెడితే ధ్వని గుచ్చుకుంటుంది. 1965లో వచ్చిన షూర్ ఎస్‌ఎం57 మైకును ప్రపంచమంతా దీనికి వాడుతోంది. మైక్‌సెట్ అతని దగ్గరున్న మామూలు డైనమిక్ మైకు కూడా సరిపోతుంది. యాంప్ వెనక 'స్పీకర్ ఔట్' అని ఉన్న రంధ్రం నుంచి మాత్రం మిక్సర్‌కు ఎప్పుడూ వైరు ఇవ్వకూడదు, మిక్సర్ కాలిపోతుంది.

యాంప్ ఒక చోట, మిక్సర్ మరో చోట కరెంటు తీసుకుంటే రెండు ఎర్తింగుల మధ్య తేడా వల్ల గుయ్యిమంటుంది. కొందరు ప్లగ్గులో మూడో పిన్ను విరిచేసి ఈ మోత ఆపుతారు. ఇది ప్రాణాంతకం. 1972 మే 3న ఇంగ్లాండ్ పక్కనున్న వేల్స్‌లో, స్వాన్సీ వేదిక మీద స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్తింగ్ సరిగా లేని మైకును ముట్టుకుని కరెంటు షాకుతో చనిపోయాడు. ఒక చేతిలో తీగలు, ఇంకో చేతిలోనో పెదవుల దగ్గరో మైకు ఉన్నప్పుడు ఒంట్లోంచి కరెంటు పారడానికి దారి ఏర్పడుతుంది. మోత ఆపడానికి గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ వైరులోని ఎర్త్‌ను మాత్రమే తెంచే స్విచ్) ఉన్న డీఐ బాక్స్‌ను యాంప్‌కూ మిక్సర్‌కూ మధ్య వాడాలి, లేదా రెంటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. వాన తడి ఉన్న వేదిక మీద బ్యాటరీ యాంప్‌ను మించినది లేదు.

నిబంధనలు

కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకరుకు అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. మీటరు దగ్గర 104 చేసే ఐదు వాట్ల పెట్టె ఇంటి డాబా మీద ఈ హద్దును సులువుగా దాటేస్తుంది.

పాతది కొనడం, మరమ్మతు

పాత యాంప్‌లలో ఎక్కువగా పోయేవి ఇన్‌పుట్ జాక్ టంకం, నాబ్‌ల కింది వాల్యూమ్ కంట్రోళ్లు. జాక్‌ను కదిపితే ధ్వని తెగిపోవడం, నాబ్ తిప్పితే గరగరలాడడం వీటి గుర్తులు. రెండూ ఊళ్లో టీవీ, రేడియో మెకానిక్ చేయగల పనులే. స్పీకరు కాగితం చిరిగిందేమో ముందున్న జాలీ లోంచి టార్చి వేసి చూడాలి. గిటార్ తగిలించకుండా వాల్యూమ్ పూర్తిగా పెంచి, వచ్చే మోతను వినాలి. లోపల అంతా ఒకే డిజిటల్ బోర్డుగా ఉన్న కొత్త రకాలకు మాత్రం బోర్డే మార్చాల్సి వస్తుంది, అందుకే వాటిని వారంటీ మిగిలి ఉంటేనే పాతవి కొనాలి.