నది, ఎస్టేటు, కాలువ: ముక్త్యాల మెట్ట అధ్యయనంలో పరిధి సమస్య

చారిత్రక సమాజశాస్త్ర పరిశోధకుడు ముందుగా అధ్యయన పరిధిని నిర్ణయించుకోవలసి ఉంటుంది. కోస్తాంధ్ర విషయంలో ఆ పరిధి సాధారణంగా జిల్లాయే అవుతున్నది. కలెక్టరు కచేరీ రికార్డులు జిల్లాల వారీగా లభించడమే ఇందుకు కారణం. రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర ఈ పద్ధతికి మేలైన ఉదాహరణ. రెవెన్యూ ఉద్యోగులకూ గ్రామ పెత్తందార్లకూ నడుమ అల్లుకున్న బంధాలు కుంఫిణీ అధికారాన్ని లోపలినుంచి ఎలా బలహీనపరిచాయో 1788–1848 మధ్య కాలానికి ఆయన వివరించారు. అయితే నదికి ఎడమగట్టున ఉన్న ముక్త్యాలనుంచి చూస్తే ఆ జిల్లా హద్దే చిక్కుగా కనిపిస్తుంది.

వాసిరెడ్డి వంశీయుల జమీందారీకి కృష్ణ హద్దు కాదు. వారి చింతపల్లి దక్షిణపు ఒడ్డున గుంటూరు సర్కారులో, నందిగామ పరగణా ఉత్తరపు ఒడ్డున కొండపల్లి సర్కారులో ఉండేవి. 1766 సంధితో ఉత్తరపు ఒడ్డు కుంఫిణీ పరమైంది. గుంటూరు 1788లో గాని దాని అధీనంలోకి రాలేదు. అంటే ఇరవై రెండేళ్లపాటు ఒకే కుటుంబం రెండు ప్రభుత్వాలతో వ్యవహరించింది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేర జగ్గయ్యపేటను, ఆవలి ఒడ్డున అమరావతిని పట్టణాలుగా తీర్చినవాడు. ఏ ఒక్క జిల్లా రికార్డుతోనైనా ఆ అధికార స్వరూపం సగమే తెలుస్తుంది.

ఇంకా వెనుకకు వెళితే ఇప్పటి పేర్లు కూడా నమ్మదగినవి కావు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట స్తూపం వద్ద ఇక్ష్వాకు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనం ఉంది. ఆయక స్తంభాలను నిలిపిన దాత సిద్ధార్థుడు ఒక శిల్పి. అతని తండ్రి కమ్మకరాష్ట్రంలోని నడతూరు వాడు. ఆ ‘కమ్మక’ శబ్దాన్ని నేటి కులనామంతో నేరుగా ముడిపెట్టడం తరచు జరుగుతున్న పొరపాటు. శాసనంలో అది ప్రదేశనామం, అంతే. రాజు కాక ఒక వృత్తికారుడు దాతగా నిలవడం సమాజశాస్త్ర దృష్టితో ఎక్కువ విలువైన సంగతి.

పందొమ్మిదో శతాబ్దిలో జిల్లా హద్దుకంటె బలమైన మరో గీత ఏర్పడింది. 1852–55 మధ్య బెజవాడ వద్ద కట్టిన ఆనకట్ట దిగువ భూములను మాగాణిగా మార్చింది. ఎగువనున్న ముక్త్యాల, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు నది ఒడ్డునే ఉండి మెట్టగా మిగిలాయి. డెల్టా వ్యవసాయపు మిగులు పట్టణ వ్యాపారాలకు, విద్యకు తరలిన క్రమాన్ని కారల్ ఉపాధ్య 1988లో విశ్లేషించారు. ఆ వివరణ మెట్టకు యథాతథంగా వర్తించదు. నీరు లేనిచోట ఆ మిగులుకు ఆధారమే వేరు.

ఈ నేపథ్యంలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ ప్రాజెక్టుకై జరిపిన కృషిని పరిశీలించాలి. కృష్ణా జలాలను పెన్నకు మళ్లించే మద్రాసు ప్రభుత్వ ప్రతిపాదనను ఆయన ప్రతిఘటించారు. ఖోస్లా కమిటీ 1952లో నందికొండ స్థలాన్ని సమర్థించింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం శిస్తు హక్కును తొలగిస్తున్న కాలంలోనే ఒక జమీందారు నీటి హక్కుకు ప్రతినిధి కావడం గమనార్హం. దీన్ని త్యాగమని పొగిడి ఊరుకోవడం పరిశోధన కాదు. వర్గప్రయోజనమని కొట్టిపారేయడం తొందరపాటు. మెట్ట రైతుల ఆకాంక్షకూ, పదవి కోల్పోతున్న కుటుంబపు ప్రతిష్ఠకూ ఆ కాలంలో ఒకే వేదిక దొరికింది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. వీరపురుషదత్తుని విజయపురి ఆ జలాశయంలోనే మునిగింది. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం సీమల మీదుగా తిరిగి జగ్గయ్యపేట, నందిగామ భూములకు చేరుతుంది. కాబట్టి ఇవి చివరి ఆయకట్టు. 2014 తర్వాత కాలువ తల ఒక రాష్ట్రంలో, చివర మరో రాష్ట్రంలో ఉన్నాయి. ముక్త్యాల రేవులో నిలబడిన రైతుకు కృష్ణ కళ్లెదుట పారుతూనే ఉంటుంది. అతని పొలానికి రావలసిన నీరు మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటి రావాలి.