పదిహేడుకు పదిహేడు

తొలి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా ఒక్క ఓటమిగానీ, ఒక్క డ్రాగానీ లేకుండా సీజన్ ముగించిన జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ చరిత్రలో ఒక్కటే: 1972 నాటి మయామి డాల్ఫిన్స్. ఆ ఘనతకు 2022లో యాభై ఏళ్లు నిండాయి. ఆడిన 17 మ్యాచ్‌లూ గెలిచిన ఆ జట్టు మహాబలుల దండేమీ కాదు. దాని కథలో అరువు మనుషులు, వెంట్రుకవాసి గెలుపులు, చివర్లో లోకమంతా నవ్విన పొరపాటు ఒకటి ఉన్నాయి.

ఈ ఆట పుట్టుక 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన మ్యాచ్‌తోనే అంటారు. ఆ రోజు ఒక్కో పక్కన 25 మంది ఆడారు. బంతిని చేతపట్టి పరుగెత్తడానికి వీల్లేదు. నేటి ఆటతో దానికి పోలిక వెతకడం కష్టమే. 1880లలో వాల్టర్ క్యాంప్ పూనికతో జట్టుకు 11 మంది, రెండు జట్లూ ఎదురెదురుగా నిలిచే గీత స్థిరపడ్డాయి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలన్న నియమం 1912లో వచ్చింది. బంతిని అవతలి కొసకు చేరిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కర్రల మధ్య నుంచి తంతే ఫీల్డ్ గోల్, మూడు పాయింట్లు.

1892లో పిట్స్‌బర్గ్‌లో హెఫెల్‌ఫింగర్ అనే ఆటగాడు ఒక మ్యాచ్‌కు 500 డాలర్లు పుచ్చుకోవడంతో ఇది డబ్బుల ఆట అయింది. 1920 సెప్టెంబరు 17న ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లో ఒక కార్ల షోరూమ్‌లో జట్ల పెద్దలు సమావేశమై లీగ్ పెట్టుకున్నారు. అదే తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్.

ఆ లీగ్‌లో మచ్చలేని సీజన్ అంచుకు వచ్చి జారిపోయిన జట్టు షికాగో బేర్స్. 1934లో 13కు 13 గెలిచి ఫైనల్‌కు వెళ్తే, గడ్డకట్టిన మైదానంలో న్యూయార్క్ జెయింట్స్ విరామంలో ఒక కాలేజీ నుంచి రబ్బరు బూట్లు తెప్పించుకుని 30-13తో చిత్తుచేసింది. 1942లో 11కు 11 గెలిచాక ఫైనల్‌లో వాషింగ్టన్ చేతిలో 14-6తో ఓటమి. ఆపై ముప్ఫై ఏళ్లు ఆ ఊసే లేదు.

డాల్ఫిన్స్ పుట్టింది 1966లో, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా నడిచిన ఏఎఫ్‌ఎల్‌లో. యజమానులు జో రాబీ అనే లాయరు, టీవీ నటుడు డానీ థామస్. సెప్టెంబరు 2న తొలి మ్యాచ్‌లో, తొలి బంతికే జో ఆవర్ 95 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మైదానం గీత వెంట థామస్ కూడా పరుగు తీశాడు. ఓక్లండ్‌తో జరిగిన ఆ మ్యాచ్ 23-14తో పోయింది. ముచ్చట మాత్రం నిలిచింది. తొలి నాలుగు సీజన్లలో గెలిచినవి 15, ఓడినవి 39. సొంత మైదానం ఆరెంజ్ బౌల్ ఒక కొసన నీళ్ల తొట్టెలో నిజం డాల్ఫిన్‌ను పెట్టేవారు. ఆ రోజుల్లో చూడదగ్గది అదొక్కటే అని ఎవరైనా అంటే కాదనలేం.

1970లో రెండు లీగ్‌లూ ఒకటయ్యాయి. అదే ఏడు బాల్టిమోర్ కోల్ట్స్ నుంచి డాన్ షూలా కోచ్‌గా వచ్చాడు. 1969 జనవరిలో మూడో సూపర్ బౌల్‌లో, అంటే ఫైనల్‌లో, తప్పక గెలుస్తుందనుకున్న కోల్ట్స్, న్యూయార్క్ జెట్స్ చేతిలో 16-7తో ఓడినప్పుడు కోచ్ ఆయనే. ఓడింది కూడా ఇదే ఆరెంజ్ బౌల్‌లో. మయామి ఎండలో షూలా రోజుకు నాలుగుసార్లు సాధన చేయించాడు. మొదటి ఏడే 10 గెలుపులు వచ్చాయి. రెండో ఏడు సూపర్ బౌల్ దాకా వెళ్లి డాలస్‌ చేతిలో 24-3తో ఓడారు.

ఆ పరాభవంతోనే 1972 సీజన్ మొదలైంది. ఎదురైన జట్లు గొప్పవి కావన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. నిజమే, 14 లీగ్ మ్యాచ్‌ల్లో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న ప్రత్యర్థులు రెండే, కాన్సాస్ సిటీ, న్యూయార్క్ జెయింట్స్. అయినా దారి నున్నగా లేదు. మూడో మ్యాచ్‌లో మిన్నెసోటాపై 14-6తో వెనకబడి చివరికి 16-14తో బయటపడ్డారు. ఐదో మ్యాచ్‌లో శాన్ డియాగో ఆటగాళ్లు మీదపడటంతో క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ కాలు విరిగింది. బంతిని ఎవరికివ్వాలో, ఎటు విసరాలో తేల్చేది క్వార్టర్‌బ్యాకే. అతను లేకపోతే జట్టు సగం లేనట్టే.

బదులుగా దిగింది 38 ఏళ్ల ఎర్ల్ మోరల్. బాల్టిమోర్ వద్దనుకుని వదిలేస్తే షూలా వంద డాలర్ల రుసుముకు తెచ్చుకున్న మనిషి. మూడో సూపర్ బౌల్‌లో ఓడిన కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ కూడా అతనే. గురుశిష్యులిద్దరికీ పాత లెక్క ఒకటి మిగిలే ఉందన్నమాట. మోరల్ హడావుడి లేకుండా, బంతిని ఎక్కువగా లారీ చోంకా చేతికిచ్చేవాడు. వంద కిలోలు దాటిన చోంకా తడి దుక్కిలో కాడెద్దులా ముందుకు సాగితే, మెర్క్యురీ మోరిస్ పక్కల నుంచి దూసుకుపోయేవాడు. చోంకా 1,117 గజాలు, మోరిస్ సరిగ్గా 1,000. మోరిస్‌కు మొదట 991 రాశారు. బఫలో మ్యాచ్ ఫిల్మ్ మళ్లీ చూసి తప్పుగా తగ్గించిన 9 గజాలు కలిపారు. ఒకే జట్టులో ఇద్దరు వెయ్యి దాటడం, లేదా అందుకోవడం, అదే మొదటిసారి. డిఫెన్స్‌లో నిక్ బునికాంటీ ముందుండేవాడు. ఆ డిఫెన్స్ ఆటగాళ్ల పేర్లు తనకు గుర్తులేవని డాలస్ కోచ్ అన్నందుకు ‘పేరులేని డిఫెన్స్’ అనే బిరుదు స్థిరపడింది.

లీగ్ దశ 14కు 14తో ముగిసింది. ప్లేఆఫ్‌లో క్లీవ్‌లండ్‌పై ఆఖరి క్వార్టర్‌లో వెనకబడి 20-14తో గెలిచారు. తర్వాతి మ్యాచ్ పిట్స్‌బర్గ్‌లో. ఒక్కటీ ఓడని జట్టు పరాయి ఊరికి వెళ్లడమేమిటంటే, అప్పట్లో వేదికను గెలుపోటములు చూసి కాక వంతులవారీగా ఇచ్చేవారు. 7-0తో వెనకబడి ఉండగా, బంతిని దూరంగా తన్నాల్సిన లారీ సైపుల్ ఎదుటివాళ్లు వెనుదిరగడం చూసి, తన్నకుండా 37 గజాలు పరుగెత్తాడు. స్కోరు సమమైంది. రెండో సగంలో షూలా మోరల్‌ను కూర్చోబెట్టి, కోలుకున్న గ్రీసీని దించాడు. 21-17తో గెలుపు. సీజన్‌ను మోసుకొచ్చిన మోరల్, ఫైనల్‌లో ఫీల్డ్ గోల్‌కు బంతి పట్టుకుని నిలబెట్టే పనికే పరిమితమయ్యాడు. గొణగలేదు.

1973 జనవరి 14, లాస్ ఏంజెలిస్. 90,182 మంది ముందు ప్రత్యర్థి వాషింగ్టన్. పందెగాళ్లు కాస్త అటువైపే మొగ్గారు. సగం ఆటకు మయామి 14-0తో ముందుంది. చివరి క్వార్టర్‌లో జేక్ స్కాట్ తన గోల్ దగ్గరే బంతిని లాక్కుని 55 గజాలు పరుగెత్తాడు. కాసేపటికి 42 గజాల ఫీల్డ్ గోల్ అవకాశం దొరికింది. అది పడితే స్కోరు 17-0. సీజన్ లెక్కా 17-0. ఎంత చక్కగా కుదురుతుందో అని షూలాకు ఆశ కలిగింది.

తన్నాల్సినవాడు గారో యెప్రేమియన్. సైప్రస్‌లో పుట్టిన అర్మేనియన్, బట్టతల, పొట్టి మనిషి, ఎడమ కాలి ఆటగాడు. అసలు సిసలు ఫుట్‌బాల్ ఆడి వచ్చినవాడు. బంతిని కాలితో తన్నడం తప్ప చేత్తో విసిరే అవసరం అతనికి ఏనాడూ రాలేదు. తన్నిన బంతి తక్కువ ఎత్తులో లేచి, వాషింగ్టన్ ఆటగాడు బిల్ బ్రండిజ్‌కు తగిలి వెనక్కి వచ్చింది. దాని మీద పడిపోతే చాలు, కథ కంచికి. గారో దాన్ని ఎత్తుకుని చోంకా వైపు విసరబోయాడు. బంతి వేళ్లలోంచి జారి పైకి లేచింది. పట్టుకోబోయి చేత్తో ఇంకాస్త పైకి కొట్టాడు. మైక్ బాస్ దాన్ని గాల్లోనే అందుకుని 49 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. బాస్ డెట్రాయిట్‌లో ఒకప్పుడు గారోతో కలిసి ఆడినవాడే. స్కోరు 14-7, ఇంకా రెండు నిమిషాల 7 సెకన్లు. గట్టు మీద జట్టు సహచరులు చూసిన చూపుల గురించి గారో ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాడు.

‘పేరులేని డిఫెన్స్’ చివరిదాకా కాపు కాసింది. గెలిచినా గారో దిగులులో మునిగి ఉంటే షూలా సంతకంతో ఒక ఉత్తరం వచ్చింది: నీ వల్లే ఇంతదూరం వచ్చాం, జరిగింది మరచిపొమ్మన్న భావంతో. దాన్ని అతను పదిలంగా దాచుకున్నాడు. చాలా ఏళ్లకు ఒక సభలో కృతజ్ఞత చెబితే షూలాకు ఏమీ అర్థం కాలేదు. భర్త పేరుతో రాసి పంపింది ఆయన భార్య డొరొతీ. అప్పటికి ఆమె కన్నుమూసి ఏళ్లయింది. సూపర్ బౌల్ ఉంగరాల కన్నా ఈ ఉత్తరమే ఆ సీజన్‌కు మేలైన జ్ఞాపిక అనిపిస్తుంది.

తర్వాతి కథ అంత వరసగా లేదు. 1973లోనూ టైటిల్ గెలిచారు గానీ రెండో మ్యాచ్‌లోనే ఓక్లండ్‌ చేతిలో 12-7తో వరుస తెగింది. 1974లో చోంకా, అతని సహచరులు కీక్, వార్‌ఫీల్డ్ ముగ్గురూ పెద్ద మొత్తానికి కొత్త లీగ్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఆ లీగ్ త్వరలోనే మూతపడింది. 1978 నుంచి లీగ్ మ్యాచ్‌లు 16 అయ్యాయి. 1985లో ఓటమెరుగక వచ్చిన షికాగో బేర్స్‌ను 38-24తో ఆపింది సాక్షాత్తూ డాల్ఫిన్సే. 2007లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 16కు 16 గెలిచి, సూపర్ బౌల్‌లో జెయింట్స్‌ చేతిలో 17-14తో కూలింది. అదే ఏడు డాల్ఫిన్స్ 15 ఓడి ఒక్కటి గెలిచింది. ఏటా ఆఖరి అజేయ జట్టు ఓడినప్పుడు 1972 వీరులు షాంపేన్ పొంగిస్తారన్న కథ పత్రికలకు ఇష్టం. కొందరు వాళ్లలో వాళ్లు ఫోన్ చేసుకున్నా, పత్రికలు పెంచి చెప్పినంత తంతు లేదు.

2013లో ఒబామా వారిని వైట్‌హౌస్‌కు పిలిచి సత్కరించారు, నలభై ఏళ్లు ఆలస్యంగా. ఆపై ఒక్కొక్కరే వెళ్లిపోయారు: మోరల్, గారో, బునికాంటీ, 2020లో కీక్, షూలా. తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు మోరల్, బునికాంటీ, కీక్‌లకు ఉన్నట్టు మరణానంతర పరీక్షల్లో తేలింది. మచ్చలేని సీజన్ లెక్కల్లో దీనికి చోటు లేదు; ఉండాల్సింది.

2021 నుంచి లీగ్ మ్యాచ్‌లు 17. అంటే ఇప్పుడు మచ్చలేని సీజన్‌కు కనీసం 20 గెలవాలి. డాల్ఫిన్స్ సంగతి వేరే. 2000 డిసెంబరులో గెలిచాక, 2024 సీజన్ ముగిసే నాటికి ప్లేఆఫ్‌లో మరో గెలుపు లేదు.