క్షవరం ఎవరికి?

మొన్న మా సమోయెడ్‌కి గ్రూమింగ్ చేయిస్తే టిప్పుతో కలిపి 150 డాలర్లయ్యింది. దువ్వింది దాన్ని, క్షవరమైంది నాకు! సంచెడు బొచ్చు చెత్తబుట్టలోకి పోయింది.

విచిత్రమేంటంటే, మేముండే ఈ సియాటిల్ ప్రాంతంలోనే ఒకప్పుడు కుక్క బొచ్చు ఖర్చు కాదు, ఆస్తి. ఇక్కడి కోస్ట్ సేలిష్ ఆడవాళ్ళు ఉన్ని కోసమే ఒక జాతి కుక్కల్ని పెంచేవాళ్ళు. వేటకుక్కలతో కలవకుండా దీవుల్లో ఉంచి, చేపలు పెట్టి, గొర్రెలకి లాగే బొచ్చు కత్తిరించి, కొండమేక ఉన్ని కలిపి కంబళ్ళు నేసేవాళ్ళు. 1792లో ఇటొచ్చిన కెప్టెన్ జార్జ్ వాంకూవర్ ఆ గొరిగిన కుక్కల గురించి రాసిపెట్టాడు కూడా.

తర్వాత ఆ జాతే అంతరించింది. తెలిసినంతలో మిగిలిన ఒకే ఒక్క చర్మం, 1859లో చనిపోయిన మటన్ అనే కుక్కది, స్మిత్‌సోనియన్‌లో ఉంది.

చవక మిల్లు కంబళ్ళు రావడం వల్లే అని చాలాకాలం చెప్పుకున్నారు. మన ఐటీ వాళ్ళకి నచ్చే కథే: కొత్త టెక్నాలజీ వచ్చింది, పాతది పోయింది. కానీ 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో సేలిష్ పెద్దలు చెప్పింది వేరు. మశూచి ఊళ్ళని తుడిచిపెట్టింది. మిగిలినవాళ్ళ ఆచారాల్నీ నేతనీ ప్రభుత్వమూ చర్చీ అణిచేశాయి. కుక్కల్ని వదిలించుకోమన్నాయి.

మార్కెట్టే చంపిందనుకుంటే మనకి హాయి. అందులో ఎవరి తప్పూ ఉండదుగా!