పనిచేయలేని మాజీ సైనికునికి పూర్తి వైకల్య పింఛను: అర్హత, విధానం

సైన్యంలో ఉండగా గాయపడి లేదా జబ్బుపడి సర్వీసు మధ్యలోనే ఇంటికి చేరిన జవాను, ఇక ఏ పనీ చేయలేని స్థితిలో ఉంటే అతనికి పూర్తి వైకల్య పింఛను దానంతట అదే వస్తుందన్న అభిప్రాయం గ్రామాలలో బలంగా ఉంది. నిబంధనలు ఆ విధంగా లేవు. పనిచేయలేకపోవడం ఒక్కటే అర్హత కాదు. వైకల్యం ఎందువల్ల కలిగింది, ఎంత శాతం ఉంది అన్న రెండు ప్రశ్నలకు మెడికల్ బోర్డు రాసే సమాధానంపైనే మొత్తం వ్యవహారం ఆధారపడి ఉంటుంది. ఈ పింఛను కేంద్ర రక్షణ మంత్రిత్వశాఖ పరిధిలోనిది.

మొదటి ప్రశ్న కారణానికి సంబంధించినది. వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినదని లేదా సేవ వల్ల తీవ్రమైనదని అంగీకరించాలి. యుద్ధంలోను, ఉగ్రవాదుల దాడులలోను గాయపడినవారు యుద్ధ గాయాల పింఛను విభాగంలోకి వస్తారు. విధి నిర్వహణలో ప్రమాదానికి గురైనవారు, సేవా పరిస్థితుల వల్ల వ్యాధిగ్రస్తులైనవారు వైకల్య పింఛను విభాగంలోకి వస్తారు. సేవతో సంబంధం లేదని బోర్డు రాసిన పక్షంలో, మనిషి మంచానికే పరిమితమైనా, వైకల్య పింఛను రాదు. దరఖాస్తులు ఎక్కువగా చిక్కుబడేది ఈ ఒక్క వాక్యం దగ్గరే.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. సైన్యంలో చేరినప్పుడు రికార్డులలో ఏ వ్యాధీ నమోదు కాని వ్యక్తి తరువాత వైద్య కారణాలపై విడుదలైతే, ఆరోగ్యం చెడడానికి సేవయే కారణమని భావించాలని, కాదని నిరూపించే బాధ్యత యాజమాన్యానిదేనని, సందేహ లాభం సైనికునికే చెందాలని కోర్టు పేర్కొన్నది. అయితే 2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నిబంధనలు అమలులోకి వచ్చినందున, ఏ కేసునైనా పరిశీలించే ముందు విడుదల తేదీని చూడవలసి ఉంటుంది. పాత తీర్పులను కొత్త కేసులకు యథాతథంగా వర్తింపజేస్తూ వార్తలు రాయడం సరికాదు.

రెండవ ప్రశ్న శాతం. కనీసం 20 శాతం వైకల్యం ఉండాలి. వైద్య కారణాలపై సర్వీసు నుండి తొలగించబడినవారి విషయంలో వైకల్యం 20 శాతానికి పైనే ఉన్నట్లు భావించాలని 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తెలిపింది. 2001 జనవరి 31 నాటి రక్షణ మంత్రిత్వశాఖ ఉత్తర్వు ప్రకారం, ఇలా తొలగించబడినవారికి 50 శాతంలోపు వైకల్యాన్ని 50గాను, 50 నుండి 75 వరకు ఉన్నదానిని 75గాను, 76 నుండి పైన ఉన్నదానిని 100గాను పరిగణిస్తారు. సర్వీసు పూర్తిచేసి విరమించినవారికి కూడా ఈ సౌలభ్యాన్ని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసు తీర్పు వర్తింపజేసింది.

"వంద శాతం వైకల్య పింఛను" అనగానే పూర్తి జీతం వస్తుందని చాలామంది అనుకుంటారు. వాస్తవంలో ఈ పింఛనులో సర్వీసు భాగం, వైకల్య భాగం అని రెండు ఉంటాయి. వైకల్య భాగం వంద శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం మాత్రమే. ఉదాహరణకు చివరి లెక్కింపు వేతనం 40,000 రూపాయలైతే సర్వీసు భాగం 20,000, వైకల్య భాగం 12,000 రూపాయలు. బోర్డు 30 శాతమని నిర్ణయించిన వైకల్యాన్ని 50గా పరిగణిస్తారు కనుక వైకల్య భాగం 6,000 అవుతుంది. కరవు సహాయం దీనికి అదనం. యుద్ధ గాయంతో సర్వీసు నుండి తొలగించబడిన వ్యక్తికి మాత్రం, వంద శాతం వైకల్యం ఉన్నప్పుడు, యుద్ధ గాయ భాగమే చివరి వేతనంతో సమానంగా ఉంటుంది. నిత్యజీవిత అవసరాలకు పూర్తిగా ఇతరులపై ఆధారపడే వంద శాతం వికలాంగులకు సహాయకుని భత్యం ఉన్నది. దానిని 2017 జూలై 1 నుండి నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు.

సేవతో సంబంధం లేని వైకల్యం కలవారికి వేరొక దారి ఉన్నది. పదేళ్ల సర్వీసు ఉంటే ఇన్‌వాలిడ్ పింఛను లభిస్తుంది. పదేళ్లు నిండనివారికి పూర్వం గ్రాట్యుటీ మాత్రమే ఇచ్చేవారు. 2019 జనవరి 4న గాని ఆ తరువాత గాని సర్వీసులో ఉండి, సైనిక సేవకే కాక పౌర ఉద్యోగానికి కూడా శాశ్వతంగా అనర్హులైనవారికి ఆ పింఛను ఇవ్వాలని 2020 జూలైలో కేంద్రం నిర్ణయించింది. పనిచేయలేకపోవడాన్నే ప్రధాన ప్రమాణంగా తీసుకున్నది ఈ నిర్ణయమే. వైకల్య పింఛను పొందే వ్యక్తి ఇంటివద్ద చిన్న ఉద్యోగం చేసుకున్నంత మాత్రాన ఆ పింఛను ఆగదు.

బోర్డు నిర్ణయం సమ్మతం కానివారు ఆరు నెలలలోగా మొదటి అప్పీలు, దానిపై రెండవ అప్పీలు చేసుకోవచ్చు. ఆ తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి పరిధిలోనివి. వైకల్యం ముదిరినట్లయితే పునఃపరిశీలన కోరే హక్కు కూడా ఉన్నది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు దరఖాస్తుదారులకు మార్గదర్శనం చేస్తాయి. బాధితులు మెడికల్ బోర్డు ప్రతిని, డిశ్చార్జి పుస్తకాన్ని, గాయానికి సంబంధించిన విచారణ నివేదికను వెంట తీసుకువెళ్లడం మంచిది. సదరం శిబిరంలో ఇచ్చే ధ్రువపత్రం రాష్ట్ర పథకాలకు ఉపయోగపడుతుంది గాని, సైనిక మెడికల్ బోర్డు నిర్ణయానికి ప్రత్యామ్నాయం కాదు.