క్రియాపదముల చుట్టరికము

రెండు భాషలకు చుట్టరికము కలదా లేదా యని విచారించువారు సామాన్యముగా గ్రంథములందలి పెద్దమాటలను చూతురు. మేము ఇండ్లలోని చిన్నమాటలను చూడవలయునందుము. వచ్చుట, తినుట, పడుట, కొనుట అను క్రియలు లేక యే సంసారమును ఒక దినమైన సాగదు.

అయినను ఇట్టి క్రియలు సయితము ఒక్కొక్కప్పుడు పొరుగిల్లు చేరును. 9వ శతాబ్దమున డేనులు ఇంగ్లండునకు తూర్పునను ఉత్తరమునను కాపురములు పెట్టిరి. వారి సహవాసమున, తీసికొనుట యను నర్థముగల ‘నిమన్’ అను ప్రాచీనాంగ్ల క్రియ క్రమముగా మరుగుపడి, వారి మాటయైన ‘టేక్’ దాని స్థానమున నిలిచెను. ‘గెట్’ అనునదియు నట్లు వచ్చినదే. కావున ఒక్కమాట కలిసినంతనే చుట్టరికము తేలదు. 1818లో కోపెన్‌హాగనున ప్రకటింపబడిన గ్రంథమున డేనిషు పండితుడు రాస్ముస్ రాస్క్ ఈ చిక్కునకు దారి చూపెను. నిత్యావసరములైన మాటలు పెక్కులు కలియవలెను. అంతకంటె ముఖ్యముగా వ్యాకరణరూపములు కలియవలెనని యాతని మతము.

మన దేశమున ఇట్టి విచారము రెండేండ్లు ముందే జరిగినది. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన తన ఆంధ్రభాషాభూషణమున సంస్కృతమే సకలభాషలకు తల్లి యనెను. నెల్లూరి మంత్రి తిక్కనకు తన దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కవి యాతడే. ఆ మాటను శతాబ్దములు మనవారు ప్రమాణముగా నెంచిరి. 1816లో చెన్నపట్టణమున వెలువడిన క్యాంబెలు తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు దొర ఒక పీఠిక వ్రాసి, పట్టాభిరామశాస్త్రిగారు కూర్చిన ధాతువుల పట్టికను ఆధారముగా గొని, తెలుగు ధాతువులు సంస్కృతమునకు గాక తమిళ కన్నడములకు తోబుట్టువులని నిరూపించెను.

ఈ నిరూపణమునకు మనుబోలువంటి యూరివారు గ్రంథములు వెదకనక్కరలేదు. నెల్లూరునకును గూడూరునకును నడుమనున్న ఆ యూరినుండి దక్షిణముగా పోవువారికి తమిళదేశము దూరము గాదు. మన ‘తిను’ అచట ‘తిన్’, కన్నడమున ‘తిన్ను’. మనము ‘కష్టపడు’ అన్నచో తమిళుడు ‘కష్టప్పడు’ అనును, కన్నడిగుడు ‘కష్టపడు’ అనియే యనును. కష్టము సంస్కృతమునుండి వచ్చిన యతిథి. పడుట మువ్వురకును పుట్టింటి సొత్తు. మఱియు మనము ‘కొను’ అను క్రియను వేఱుక్రియల చివర చేర్చి ‘చేసికొను’ అని తనకొఱకు చేయుటను తెలుపునట్లే, వారిరువురును ‘కొళ్’ అను దానిని చేర్చుదురు. ఇట్టి వాడుకను ఎరువు తెచ్చుకొనుట సులభము గాదు. సంస్కృతపదమో, ‘ఆరంభించు’ అనునప్పుడువలె సామాన్యముగా ‘ఇంచు’ అను మన ప్రత్యయమును తొడిగికొనినగాని తెలుగున క్రియ కానేరదు.

సంస్కృతమునకు మనము పడిన ఋణము గొప్పది. దానిని కాదనుట కృతఘ్నత. కాని ఋణము వేఱు, జన్మము వేఱు. సంస్కృతపదములు మెండుగానున్నదే యుత్తమభాష యనియు, వంటయింటి మాటలు నీచములనియు బాలురకు నేర్పువారు, తమ భాష వంశవృక్షమును తామే నఱకుచున్నారు. ఆ వంశమునకు సాక్ష్యమును ఇన్ని శతాబ్దములు భద్రముగా కాపాడినవారు పండితులకంటె ఎక్కువగా, చదువెఱుగని మన తల్లులును కాపువారునే. వారి నోటిమాటను గౌరవించుట చరిత్రమును గౌరవించుటయే.